స్నేహితుల బిడ్డ మొదటి పుట్టినరోజుకి ఏం కొనాలి: అడగడం దగ్గర్నుంచి ప్యాకింగ్ దాకా

మొదటి పుట్టినరోజు ఫంక్షన్ అయిన మర్నాడు ఏ ఇంట్లో చూసినా దాదాపు ఒకే సామాను కనబడుతుంది. నాలుగైదు వెండి గ్లాసులు, రెండు నెలల్లో పొట్టయిపోయే గౌన్లు, సోఫా మొత్తం ఆక్రమించే టెడ్డీబేర్లు, బ్యాటరీ వేస్తే గోల చేసే ప్లాస్టిక్ బొమ్మలు. ఇచ్చినవాళ్లంతా ప్రేమతోనే ఇచ్చారు. కానీ అందరూ స్టేజీ మీద ఫొటో దిగే ఆ ఒక్క సాయంత్రం కోసం కొన్నారు. బిడ్డకి కావలసింది ఆ తర్వాత వచ్చే ఆరు నెలల నుంచి ఏడాది దాకా పనికొచ్చేది. ఎంపిక అంతా ఈ లెక్క మీదే నడవాలి.

ముందు అడగండి, కానీ సూటిగా అడగండి

"పాపకి ఏమైనా కావాలా?" అని అడిగితే మన ఇళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: "అయ్యో, ఏమీ వద్దు, మీరు వస్తే చాలు." అందుకే అవును, కాదు అని, లేదా ఒక అంకెతో జవాబు చెప్పగలిగే ప్రశ్నలు వేయాలి. "ఇప్పుడు ఏ సైజు బట్టలు పడుతున్నాయి?" "పట్టుకుని నిలబడుతోందా, అడుగులు వేస్తోందా?" "తోసుకుంటూ నడిచే బండి ఉందా?" "వెండి గ్లాసు ఎవరైనా ఇస్తామన్నారా?" ఇలా అడిగితే మొహమాటం లేకుండా చెబుతారు. ఫంక్షన్‌కి రెండు వారాల ముందు అడగండి. చివరి రెండు రోజుల్లో తల్లిదండ్రులు క్యాటరింగ్ లెక్కల్లో, హాలు అలంకరణలో మునిగి ఉంటారు.

ఇంకొకటి కూడా గమనించాలి. కొన్ని కానుకలకి మన దగ్గర ముందే హక్కుదారులు ఉంటారు. చెవులు కుట్టించేటప్పుడు పోగులు మేనమామ తేవడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. వెండి మొలతాడు, పట్టీలు, గొలుసు అమ్మమ్మ, నానమ్మల వైపు నుంచి వస్తాయి. పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టడం, పుట్టినరోజు కలిపి చేసుకునే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. స్నేహితులుగా మీరు వాటి జోలికి వెళ్లకపోవడం మర్యాద. మిగతాది బోలెడు ఉంది.

ఏడాది బిడ్డ ఏం చేస్తుంది

బొమ్మ ఎంచాలంటే ఈ వయసు పనులు తెలియాలి. పన్నెండో నెలకి చాలామంది పిల్లలు కుర్చీ పట్టుకుని లేస్తారు, గోడ పట్టుకుని పక్కకి అడుగులు వేస్తారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి నేల మీద ఉన్న చిన్న మెతుకుని కూడా ఏరుతారు. గిన్నెలోంచి వస్తువులు తీసి పారేయడం, మళ్లీ వేయడం, రెండు వస్తువులు ఒకదానికొకటి కొట్టి చప్పుడు వినడం, దాచిన వస్తువుని వెతకడం వాళ్లకి రోజంతా చేసినా విసుగురాని పనులు. ఒకటిన్నర ఏడాది వచ్చేసరికి రెండు మూడు దిమ్మలు ఒకదాని మీద ఒకటి పెడతారు.

కాబట్టి ఈ వయసుకి సరిగ్గా సరిపోయేవి చాలా మామూలు వస్తువులు. ఒకదాంట్లో ఒకటి ఇమిడే కప్పులు వీటిలో అన్నిటికన్నా మేలైనవి. ఇప్పుడు తీసి పారేస్తారు, మూడు నెలల తర్వాత స్నానాల గదిలో నీళ్లు పోసి ఒంపుతారు, ఇంకో ఆరు నెలలకి గోపురం కడతారు. మూడేళ్ల దాకా వాడకంలో ఉంటాయి. 15 సెంటీమీటర్ల మెత్తటి బంతి, 4, 5 సెంటీమీటర్ల చెక్క దిమ్మలు, పెద్ద రంధ్రాల్లోంచి ఆకారాలు పడేసే డబ్బా కూడా ఇలాంటివే. మీట నొక్కితే పాట పాడి, లైట్లు వెలిగే బొమ్మయితే పనంతా బొమ్మే చేస్తుంది, బిడ్డ చూస్తూ కూర్చుంటుంది. అలాంటిదే కొనాలనుకుంటే షాపులోనే మీ చెవి దగ్గర పెట్టుకుని మోగించి చూడండి. మీకు బిగ్గరగా అనిపిస్తే దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆడే బిడ్డకి ఇంకా ఎక్కువ. స్పీకరు రంధ్రాల మీద సెల్లోటేపు అతికిస్తే శబ్దం కొంత తగ్గుతుంది.

నోట్లోకి వెళ్లనిదంటూ ఉండదు

ఈ వయసులో ప్రతి వస్తువు ముందు నోట్లోకే వెళ్తుంది. షాపులో బొమ్మ చేతిలోకి తీసుకోగానే ఈ పరీక్షలు చేయండి, రెండు నిమిషాల పని.

బొమ్మగానీ, దాన్నుంచి ఊడివచ్చే భాగంగానీ సుమారు 32 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే అది గొంతుకు అడ్డంపడే సైజు. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చిన్న భాగాల్ని ఇలాంటి గొట్టంతోనే పరీక్షిస్తారు. చేతిలో కొలబద్ద లేకపోతే పది రూపాయల నాణెం తీయండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. నాణెం కన్నా కొంచెం పెద్దగా ఉన్నా కూడా వద్దనుకోండి. బంతులకి లెక్క ఇంకా ఎక్కువ, 45 మిల్లీమీటర్లు దాటాలి, ఎందుకంటే గుండ్రటి వస్తువు గొంతులో బిరడాలా బిగుసుకుంటుంది.

తర్వాత కళ్లు, ముక్కు, బొత్తాలు, చక్రాలు, మువ్వలు గోటితో పట్టి గట్టిగా లాగండి. టెడ్డీబేరుకి అతికించిన ప్లాస్టిక్ కన్ను మీ గోటికే కదిలితే వారంలో బిడ్డ నోట్లో ఉంటుంది. దారంతో కుట్టిన కళ్లున్నది తీసుకోండి. కుట్లు విప్పి చూస్తే లోపల సన్నటి థర్మోకోల్ పూసలు ఉండే బొమ్మలు, దిండ్లు అసలు వద్దు. లాగుడు బొమ్మకి తాడు 22 సెంటీమీటర్లకి మించకూడదు, మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది గుండీ బ్యాటరీ విషయంలో. నాణెంలా ఉండే ఈ లిథియం బ్యాటరీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, అక్కడి తడితో విద్యుత్తు పారి రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. వెలిగే చెప్పులు, పాడే గ్రీటింగ్ కార్డు, చిన్న రిమోట్, మెరిసే కీచైన్, ఇలాంటివాటిలో చాలావరకు ఉండేది గుండీ బ్యాటరీయే. బ్యాటరీ మూతకి స్క్రూ లేని బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా పక్కన పెట్టేయండి. గ్రీటింగ్ కార్డు ఇవ్వాలనుంటే పాట లేనిది ఇవ్వండి. విడివిడిగా ఉండే చిన్న అయస్కాంతాలదీ ఇదే సంగతి. రెండు మింగితే పేగు మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి రంధ్రం చేస్తాయి.

ఇక గుర్తు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. మామూలు బొమ్మలకి ఐఎస్ 9873, కరెంటు లేదా బ్యాటరీతో నడిచేవాటికి ఐఎస్ 15644 వర్తిస్తాయి. మార్కు పైన ఈ సంఖ్య, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. నంబరు లేకుండా ఉత్త ఐఎస్‌ఐ గుర్తు ముద్రించిన పెట్టెలు కూడా బజారులో ఉంటాయి. ఐఎస్‌ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది బీఐఎస్ కేర్ అనే యాప్ ఉంది, అందులో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది, పెట్టె మీది పేరుతో సరిపోల్చండి. హైదరాబాద్ బేగంబజార్ లాంటి హోల్‌సేల్ వీధుల్లో చవకగా వస్తుందని కొనేటప్పుడు ఈ పని తప్పకుండా చేయాలి. పెట్టె తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన కొడితే ధర ఎంతైనా వద్దు. "3+" అని రాసి ఉంటే దానర్థం మూడేళ్ల లోపు పిల్లలకి ప్రమాదమని. "మా వాడు చురుకైనవాడు" అనుకుని ఆ హెచ్చరికని కొట్టిపారేయకూడదు.

ఏటికొప్పాక ఒకటి, కొండపల్లి ఇంకొకటి

మన బొమ్మ ఇద్దామనుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణె (లేత్) మీద తిప్పి, గింజలు, ఆకులు, వేళ్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని రాపిడి వేడితో పూస్తారు. అంచులు గుండ్రంగా ఉంటాయి, రంగు పెచ్చులూడదు. ఒకే ముక్కగా తిప్పిన గిలక్కాయ, కడ్డీకి గుచ్చే పెద్ద వలయాలు ఏడాది బిడ్డకి చక్కగా సరిపోతాయి. "ప్రకృతి రంగులేనా?" అని అడిగి కొనండి, ఇదే పేరుతో రసాయన రంగులు పూసినవి కూడా అమ్ముతారు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి వేడినీళ్లలో వేయొద్దని, తడిబట్టతో తుడిస్తే చాలని తల్లిదండ్రులకి చెప్పండి. అక్కడే దొరికే లక్కపిడతలు మాత్రం ఇప్పుడు కాదు. పొయ్యి, గిన్నె, గరిటె అన్నీ గొంతుకు అడ్డంపడే సైజులోనే ఉంటాయి. అవి నాలుగో పుట్టినరోజుకి.

కొండపల్లి బొమ్మ తేలికైన తెల్లపొణికి కర్రతో చేసేది. విడి భాగాలు చెక్కి, చింతగింజల పిండితో చేసిన ముద్దతో అతికించి, పైన రంగులు వేస్తారు. అది చూసుకునే బొమ్మ, నోట్లో పెట్టుకుని ఆడేది కాదు. తడి తగిలితే అతుకు వదులుతుంది, రంగు వస్తుంది. బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే ఏనుగు అంబారీయో, దశావతారాలో ఇవ్వడం ఎంతో బావుంటుంది. ఇచ్చేటప్పుడే "ఇది అల్మారాలోకి" అని చెప్పండి. నిర్మల్ బొమ్మలకీ ఇదే వర్తిస్తుంది. ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలు లేపాక్షి ఎంపోరియాల్లో, నిర్మల్‌వి గోల్కొండ ఎంపోరియాల్లో దొరుకుతాయి. భౌగోళిక గుర్తింపు ఉన్న ఈ బొమ్మల్ని గుర్తింపు పొందిన కళాకారులే చేసి అమ్మితే ఐఎస్‌ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి వీటి మీద మార్కు లేకపోవడం తప్పు కాదు, లాగి చూసే పరీక్ష మాత్రం మీరే చేయాలి.

నడక బండి ఇవ్వచ్చు, వాకర్ ఇవ్వకూడదు

రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. బిడ్డని మధ్యలో కూర్చోబెట్టే గుండ్రటి చక్రాల వాకర్ వల్ల నడక తొందరగా రాదు. పైగా దాంట్లో బిడ్డ చేయి వేడి టీ కప్పు దాకా, కాలు మెట్ల అంచు దాకా క్షణంలో వెళ్తుంది. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది. దీన్ని కానుకల పట్టికలోంచి పూర్తిగా తీసేయండి.

బిడ్డ నిలబడి వెనకనుంచి తోసే మూడు చక్రాల చెక్కబండి వేరు. అది మంచి కానుక. కొనేముందు చేతికర్ర మీద చేయి వేసి కిందికి నొక్కండి, ముందు చక్రం లేస్తే బిడ్డ వెనక్కి పడుతుంది. ఇళ్లలో ఇప్పుడన్నీ నున్నటి టైల్సు, మార్బుల్ కాబట్టి చక్రాలకి రబ్బరు పట్టీ ఉన్నది చూడండి, లేకపోతే బండి జారిపోయి బిడ్డ బోర్లా పడుతుంది. ప్లాస్టిక్ బండి అయితే మరీ తేలిక. దాని గంపలో రెండు కిలోల బియ్యం సంచి పెడితే నెమ్మదిగా కదులుతుందని చెప్పి ఇవ్వండి. అపార్ట్‌మెంటులో చోటుందో లేదో ముందే అడగాలి.

బట్టలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో ఏడాది నిండిన మగబిడ్డ మధ్యస్థ పొడవు సుమారు 76 సెంటీమీటర్లు, ఆడబిడ్డది 74. రెండేళ్లకి అవి 88, 86 దగ్గరికి వస్తాయి. అంటే ఒక్క ఏడాదిలో 12 సెంటీమీటర్లు. 12 నెలల సైజు కొంటే ఆ బట్ట బీరువాలోనే పొట్టిదవుతుంది. 18–24 నెలల సైజు కొనండి. లేబుల్ మీద నెలలతో పాటు సెంటీమీటర్లు కూడా రాసి ఉంటే వాటినే నమ్మండి, ఎందుకంటే ఒక్కో కంపెనీ నెలల లెక్క ఒక్కోలా ఉంటుంది.

పెద్ద సైజు కొన్నప్పుడు ఋతువు కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూన్‌లో పుట్టినరోజయితే ఆరు నెలల తర్వాత వేసుకునేది డిసెంబరులో, నిండు చేతుల నూలు బట్ట పనికొస్తుంది. డిసెంబరులో అయితే రాబోయేది ఎండాకాలం, పల్చటి మల్లు, మంగళగిరి నూలు తీసుకోండి.

పట్టు పావడా, పంచె కండువా ఫొటోలకి బావుంటాయి గానీ చాలా ఇళ్లకి ఒకటి ఇప్పటికే వచ్చి ఉంటుంది. ఇవ్వాలనుకుంటే జరీ అంచు లోపలివైపు ఒంటికి తగలకుండా నూలు లైనింగు ఉందో లేదో తిప్పి చూడండి. జరీ గీసుకుంటేనే పిల్లలు ఫంక్షన్ మధ్యలో ఏడుస్తారు. నడుముకి నాడా కాకుండా వెడల్పాటి ఎలాస్టిక్, లోపల రెండు అంగుళాల మడత ఉంటే ఏడాది పాటు విప్పి పొడవు పెంచుకోవచ్చు. పంచెకి వెల్క్రో ఉన్నది. పూసలు, చెమ్కీలు కుట్టినవి వద్దు, అవీ నోట్లోకే వెళ్తాయి. ఈ వయసు తల పెద్దది, మెడ రంధ్రం చిన్నదయితే తొడగడమే యుద్ధం. భుజం మీద గుండీలు విప్పేది తీసుకోండి.

వెండి, బంగారం

వెండి ఇవ్వాలంటే గ్లాసు ఒక్కటే కాదు. లోతు తక్కువ గిన్నె, పొట్టి పిడి ఉన్న గుండ్రటి స్పూను రోజూ వాడకంలోకి వస్తాయి. స్పూను అంచుని మీ పెదవి లోపలివైపు తాకించుకుని చూడండి, గీసుకుంటే వద్దు. నగిషీ ఎక్కువున్న గిన్నె సందుల్లో ఉగ్గు, పెరుగన్నం ఇరుక్కుని నల్లబడుతుంది. నున్నటిదే మేలు.

ధర ఇలా వస్తుంది: బరువుని ఆ రోజు గ్రాము రేటుతో హెచ్చించి, దానికి తరుగు, మజూరీ కలిపి, పైన జీఎస్టీ. ఇవన్నీ విడివిడిగా రాసిన బిల్లు అడగండి. వెండి రేటు ఈ మధ్య బాగా పెరిగింది గనక, పాత అంచనాతో షాపుకి వెళ్లి మొహమాటానికి పల్చటి గ్లాసు కొనేవాళ్లు ఎక్కువ. వేలితో నొక్కితే సొట్టపడే గ్లాసు కన్నా అదే బరువుకి గట్టి స్పూను కొనడం మంచిది. స్వచ్ఛత 925 అంటే వందకి 92.5 పాళ్లు వెండి. వెండికి కూడా 2025 సెప్టెంబరులో ఆరక్షరాల హెచ్‌యూఐడీ ముద్ర (ఒక్కో వస్తువుకి విడిగా ఇచ్చే హాల్‌మార్క్ గుర్తింపు కోడ్) మొదలైంది, స్వచ్ఛందంగానే. ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

జర్మన్ సిల్వర్ అనే పేరు చూసి పొరపడొద్దు. అందులో వెండి పిసరంత కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. పూజ సామానుకి, రిటర్న్ గిఫ్టుకి సరే, బిడ్డ తినే గిన్నెకి కాదు.

అమ్మమ్మ, నానమ్మల వైపు నుంచి రావడం లేదని కనుక్కుని పట్టీలు ఇస్తున్నారా? ఇంట్లో ఉన్న పట్టీని కొక్కెం నుంచి కొక్కెం దాకా కొలిచి చెప్పమని అడగండి. చివర రెండు మూడు అదనపు వలయాలున్నది కొంటే కాలు పెరిగినా సరిపోతుంది. మువ్వలు వేలాడేది వద్దు, గొలుసులో కలిసి ఉన్నది తీసుకోండి.

బంగారంలో 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదు. కానీ 2 గ్రాముల లోపు వస్తువులకి మినహాయింపు ఉంది. చంటిపిల్లల ఉంగరాలు, చిన్న లాకెట్లు సరిగ్గా ఆ బరువులోనే ఉంటాయి! అందుకే ఒక గ్రాము ఉంగరం కొనేటప్పుడు అడిగి మరీ ముద్ర ఉన్నది తీసుకోండి, 22 క్యారెట్లకి 916 అని ఉంటుంది. నిజానికి ఏడాది బిడ్డ వేలికి ఉంగరం ప్రమాదమే, ఊడి నోట్లోకి వెళ్తుంది. అంతే బరువున్న నాణెం అయితే మజూరీ తక్కువ, తల్లిదండ్రులు దాచిపెట్టి తర్వాత కావలసింది చేయించుకుంటారు.

పుస్తకాలు, కవర్లు, కలిసి ఇచ్చేవి

పుస్తకం ఈ వయసుకి తొందర కాదు. అయితే మందపాటి అట్ట పేజీలదే కొనాలి, పల్చటి కాగితం అదే రోజు చిరుగుతుంది, నలిగి నోట్లోకి వెళ్తుంది. పేజీకి ఒక పెద్ద బొమ్మ, ఒకటి రెండు మాటలు చాలు. తెలుగులో మంచి పుస్తకం, తులిక, ప్రథమ్ బుక్స్ పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. వాటిలో పల్చటి కాగితంవి పెద్దలు ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించడానికి తీసుకోండి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న స్నేహితులకైతే ఇంతకన్నా మంచి కానుక లేదు. బరువు తక్కువ, విరగదు, అక్కడ దొరకదు.

నూట పదహార్లో, వెయ్యి నూట పదహార్లో కవర్లో పెట్టి చదివించడం తక్కువేమీ కాదు. ఆడబిడ్డ పేరున సుకన్య సమృద్ధి ఖాతా ఉంటే "ఇది అందులో వేయండి" అని కవరు మీద రాయండి. ఖాతా తెరవడం మాత్రం మీ చేతిలో లేదు, తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులే తెరవాలి.

నలుగురైదుగురు స్నేహితులు కలిస్తే నిజంగా పెద్ద అవసరం తీర్చచ్చు. కారున్న ఇంటికి పిల్లల కార్ సీటు అలాంటిదే. మన ఇళ్లలో బిడ్డని ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఇంకా మానలేదు. కొనేముందు కారు మోడల్ అడిగి, వెనక సీటు సందులో ఐసోఫిక్స్ కొక్కేలు (ఈ సీటుని కారుకి బిగించేవి) ఉన్నాయో లేదో కనుక్కోండి. ఈ వయసు బిడ్డ వెనక్కి తిరిగి కూర్చునేలా బిగించగలిగేదే తీసుకోవాలి. కారు లేకపోతే అన్నం తినిపించే ఎత్తు కుర్చీ. అయిదు పట్టీలున్నది, పాదాల కింద ఆనుకోవడానికి పలక ఉన్నది చూడండి.

పౌడరు, సబ్బు, నూనె, కాటుక కలిపి అమ్మే బేబీ సెట్లు కొనొద్దు. పౌడరు ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, సబ్బు ఒంటికి పడేదో లేదో తల్లికే తెలుసు.

ప్యాకింగ్

మెరుపుల పొడి రాలే కాగితం, థర్మోకోల్ గుళ్లు వాడొద్దు. కానుక మీద బెలూన్ కట్టొద్దు. పగిలిన బెలూన్ ముక్క పీల్చుకుంటే శ్వాసనాళానికి పొరలా అంటుకుంటుంది, బయటికి తీయడం చాలా కష్టం. బొమ్మకి బ్యాటరీలు కావాలంటే సరైన సైజువి కొని పక్కన పెట్టండి. ధర కనబడకుండా ఎక్స్‌ఛేంజ్ చీటీ అడిగి తీసుకుని లోపల పెట్టండి, బట్టలకి ఇది తప్పనిసరి. ఎన్ని రోజుల్లోపు మార్చుకోవచ్చో దాని మీద రాయించండి.

మీ పేరు పైకాగితం మీద కాకుండా లోపల పెట్టె మీదే రాయండి. హాల్లోంచి ఇంటికి చేరేసరికి పైకాగితాలు చిరిగిపోయి ఎవరు ఏమిచ్చారో కలగాపులగం అవుతుంది. ఆ ఇంట్లో మూడు నాలుగేళ్ల అక్కో అన్నో ఉంటే వాళ్లకి కూడా ఒక క్రేయాన్ల పెట్టె విడిగా, వాళ్ల పేరు రాసి పట్టుకెళ్లండి, చేతికే ఇవ్వండి. వెండి, బంగారం, కవరు స్టేజీ దగ్గర బల్ల మీద వదలొద్దు. తల్లికో నానమ్మకో చేతికిచ్చి, బిల్లు మర్నాడు వాట్సాప్‌లో పంపండి.